ముప్పయ్యో తారీఖు కండెలు

తెల్లారి మసీదులో బాంగు వినపడంగానే మదార్‌బీ లేసి, మొగం కడుక్కొని, నమాజు చేసుకొని, రాట్నం ముందర కూచునేది. ఎమ్మిగనూరులో ఆ మగ్గాల సందులో ఆమె రాట్నం తిరిగినాకనే మగ్గాలు లేసేవి. మగ్గం మీద ఆ పక్కకు ఈ పక్కకు ఉరికే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టేది ఆమె పని. పొద్దున చుట్టిన మొదటి కండె కొడుకు మొయినుద్దీన్‌ది. వాడు మగ్గం గుంతలో కాళ్లు దింపుకొని, నిద్రమొగంతోనే చెయ్యి చాపేవాడు. కండె తీసుకొని కండ్లకద్దుకొని, "అమ్మీ, ఈ కండె అయిపోయేలోపల చా తేవాల" అనేవాడు. ఆమె ఉరుకుతా పొయ్యి కాడికి పోయేది. చా తెచ్చేసరికి కండె మీద ఇంకా నాలుగు చుట్లు మిగిలుండేవి. "ఈ పొద్దు గూడ నువ్వే గెలిచినావు పో" అని నవ్వేవాడు.

ఇప్పుడు ఆ గుంతలో ఆమె మొగుడు బడే సాబ్ కూచుంటాడు. మొదటి కండె ఆయనకు పోతుంది. ఆయన చెయ్యి చాపడు. తట్టలోనించి తానే తీసుకుంటాడు. చా ఎప్పుడు తెచ్చినా తాగుతాడు, తేకపోయినా అడగడు.

మొయినుద్దీన్ అరవై ఎనిమిదిలో పటాలంలో చేరినాడు. ఆదోనికి పటాలం ఆఫీసర్లు వచ్చి మనుషుల్ని ఎంచుకుంటాండారంటే, పత్తి బండెక్కి తమాషా చూడ్డానికి పోయినోడు, రొమ్ము కొలిపించుకొని వచ్చినాడు. బడే సాబ్ మూడు దినాలు మాట్లాడలేదు. "గుంతలో కూచోని కూచోని నా కాళ్లు పొట్టిగైతాండాయి అబ్బా, కొన్నాళ్లు నడిచే పని చేసొస్తా" అన్యాడు వాడు. ఆ మాటకు బడే సాబ్‌కు గూడ నవ్వొచ్చింది. నవ్వినాక కాదనేదానికి నోరు రాలేదు.

డెబ్బై ఒకటి డిసెంబరులో తూర్పు పక్క యుద్ధం జరిగింది. తంతి వచ్చింది ఇరవై రెండో తారీఖున. ఎదురింటి దేవేంద్రప్ప చదివినాడు. మొయినుద్దీన్ పోయినాడని ఉండె గానీ, ఏ దినం పోయినాడో లేకపోయె. శవం రాలేదు. ఆడనే మన్ను చేసినారంట. ఏమి చేయాల? తంతి వచ్చిన దినమే చావు దినమనుకొని, ఆడ్నించి వేలు మడిచి లెక్కపెట్టుకొని, వాని పేరు మీద చదివించే నలభై దినాల ఫాతిహా పెట్టుకున్నారు. ఆ నలభయ్యో దినం జనవరి ముప్పై.

ఆ పొద్దు చాప పరిచి, వాడికిష్టమైన సేమ్యా పాయసం, కద్దూ కూర పెట్టి, ముల్లాగారు ఓదుతాండారు. మదార్‌బీ లోపలింట్లో తలుపుకానుకొని కూచోనింది. అప్పుడు ఊరవతల పత్తి జిన్నింగు మిల్లు కూత కూసింది. పని ఎక్కే కూత కాదు, దిగే కూత కాదు. పొద్దు ఇంకా నెత్తి మీదికి రాలేదు. కూత ఆగంగానే సందులో మగ్గాలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయినాయి. ఆమె తలుపు సందులోనించి చూసింది. దేవేంద్రప్ప మగ్గం దిగి అరుగు మీద చేతులు కట్టుకొని నిలబడుండాడు. నీళ్ల బిందెతో పోయే ఆడమనిషి బిందె దింపకుండానే నిలబడిపోయింది. సైకిలు మీద పోయేటోడు కాలు కిందికి పెట్టి తల వంచుకున్నాడు.

"ఎందుకు నిలబడినారు?" అని పక్కనున్న సుంకులమ్మను అడిగింది. సుంకులమ్మ దేవేంద్రప్ప పెండ్లాము.

"దేశం కోసరం పానం ఇచ్చినోళ్లకంట వదినా. యుద్ధమైంది కదా, ఈ ఏటినించి మిల్లు కూత గూడ వేయమని గవర్మెంటోళ్లు చెప్పినారంట" అనింది సుంకులమ్మ మెల్లగా.

మదార్‌బీకి అంతే చాలిపోయింది. కాపురానికొచ్చినాక ఆ సందు అట్ల ఒక్కసారిగా నెమ్మదైంది ఆమె చూడలేదు. తన కొడుకు నలభయ్యో దినం గవర్మెంటుకు తెలిసింది, మిల్లుకు తెలిసింది, బిందె మోసే ఆడదానికి గూడ తెలిసింది అనుకునింది. తంతి వచ్చినప్పట్నించి రాని ఏడుపు అప్పుడొచ్చింది.

వేసవిలో పటాలం నుంచి కాగితం వచ్చింది. మొయినుద్దీన్ పోయింది డిసెంబరు తొమ్మిదిన. ముల్లాగారు లెక్క చూసి, అది రంజాన్ పండగ అయిన ఇరవయ్యో దినం, ఏటేటా ఆ దినమే ఫాతిహా చేయాల అని చెప్పినాడు. మదార్‌బీ అట్లే చేస్తా వచ్చింది. కానీ సాయిబుల నెలలు చంద్రుని వెంట నడిచేవి. ఏడాదికి పది పదకొండు దినాలు వెనక్కి జరుగుతాయి. మొదట చలిలో వచ్చిన ఫాతిహా, తరవాత పత్తి పూత కాలానికి, ఆ తరవాత వానల్లోకి జరుగుతా పోయింది. వాడు పోయింది చలికాలంలో. ఆమె పంపిన గొంగడి వాడికి అందిందో లేదో అని ఆమెకు చలి వచ్చినప్పుడల్లా అనిపించేది. వానలో ఫాతిహా చదువుతాంటే ఆ గొంగడి ఎట్ల గుర్తొస్తాది?

డెబ్బై మూడు జనవరిలో మళ్లా మిల్లు కూసింది. మళ్లా సందు నిలబడింది. మదార్‌బీ రాట్నం ఆపి లేసి నిలబడి, సుంకులమ్మతో అనింది: "సూస్తివా వదినా, మా మొయినూకు ఈసారి గూడ కూయించినారు."

ఏమనాల? సుంకులమ్మ ఇంటికి పోయి మొగునికి చెప్పింది. దేవేంద్రప్ప ఒక ఏడాది ఊరకున్నాడు. ఆ మరుసటేడు కూత ఆగినాక, మగ్గం ఎక్కకుండా నేరుగా మదార్‌బీ గడప కాడికి వచ్చి కూచున్నాడు.

"అక్కా, నేనొక మాట చెప్తే కోపం చేసుకోవు కదా?"

"చెప్పప్పా."

"ఈ కూత మొయినూది కాదక్కా. గాంధీ తాతది. ఆయప్ప చచ్చిపోయిన దినం ఇది. నలభై ఎనిమిదిలో, ఢిల్లీలో, సాయంత్రం ప్రార్థనకు నడిచిపోతాంటే కాల్చినారు. అప్పట్నించి దేశం కోసరం పోయినోళ్లను తలుచుకునేదానికి గవర్మెంటు ఈ దినమే పెట్టింది. పదకొండు గంటలకు రెండు నిమిషాలు. దేశమంతా నిలబడతాది."

మదార్‌బీ రాట్నం మీద చెయ్యి పెట్టుకొని వినింది. మొగం ఎర్రబడింది. మూడేండ్లు సందంతా తనను చూసి ఏమనుకున్నారో అని సిగ్గయింది.

"ఆ దినం నేను పదైదేండ్లోణ్ణి" అన్యాడు దేవేంద్రప్ప. "నువ్వు కొత్త కోడలివి. నీకు గుర్తుందో లేదో, ఆ పొద్దు మీ మామ తలుపుకు గడె వేసినాడు."

ఆమెకు గుర్తుంది. తారీఖు తెలీదు గానీ గడె గుర్తుంది. పొద్దు గుంకతాంటే రేడియో విన్నోడెవరో సందులో అరుచుకుంటా పోయినాడు. మామ లోపలికొచ్చి, దీపం పెట్టొద్దని, పొయ్యి ముట్టించొద్దని చెప్పి గడె వేసినాడు. కాల్చినోడు ఎవరో తెలిసేదాకా సాయిబుల ఇండ్లల్లో ఎవరూ గట్టిగా దగ్గలేదు. ఆమె అత్త చెయ్యి పట్టుకొని మూలకు కూచోనుండింది. అప్పుడు బయట అరుగు మీద ఎవరో కూచున్న సద్దు. మామ అడిగితే, "నేనేలే, దేవేంద్రుని నాయన్ని. పడుకోండి. నేనీడ కూచుంటా" అని జవాబొచ్చింది. కాల్చినోడు సాయిబు కాదని తెలిసినాక గూడ ఆ మనిషి పోలేదు. మరుసటి దినం సందులో ఒక్క మగ్గం ఆడలేదు.

"ఆ మరుసటి దినం మా నాయన కండె పట్టలేదక్కా. నూలంటే గాంధీ తాతకు పానం కదా, ఆయప్ప పోయినాక ఆ ఒక్క దినం నూలు ముట్టుకోగూడదన్యాడు."

మదార్‌బీ తల ఎత్తి అరుగు పక్క చూసింది. తరవాత అనింది: "మీ నాయన మా అరుగు మీద కూచున్నప్పుడు మేమేమన్నా వద్దంటిమా?"

"లేదు."

"గాంధీ తాత అరుగు మీద మా మొయినూ కూచుంటాడు. ఆయప్ప మాత్రం వద్దంటాడా?"

దేవేంద్రప్ప లేసి, "అనడులే అక్కా" అని పోయినాడు. ఆ తరవాత సందులో ఆ మాట ఇంకెవరూ ఎత్తలేదు.

అట్ల ముప్పయ్యో తారీఖు ఆమెది అయిపోయింది. ఫాతిహా దినం చంద్రునితో తిరగతా ఉంటే, ఈ దినం కదలకుండా చలిలోనే ఉండింది. "వేరే తల్లులు గోరీ కాడికి పోతారు. నాకు గోరీ లేదు. ఆ రెండు నిమిషాలే నేను పోయి కూచునే జాగా" అని ఒకసారి సుంకులమ్మతో అనింది.

ఒక్క మనిషి మాత్రం ఆ రెండు నిమిషాల్లో ఆగలేదు. బడే సాబ్. కూత కూసి అన్ని మగ్గాలూ ఆగినా ఆయన మగ్గం టకటకమని కొట్టుకుంటానే ఉండేది. అడిగితే, "నాకు వినపడలే" అనేవాడు. అన్ని మగ్గాల సద్దులో వినపడని కూత గాదది.

ఎనభై ఒకటిలో జిన్నింగు మిల్లు మూతపడింది. ఎనభై రెండు జనవరిలో పదకొండు గంటలకు మదార్‌బీ ఒక్కతే రాట్నం ఆపి లేసి నిలబడింది. కూత రాలేదు. నాలుగు మగ్గాలూ ఆడతానే ఉండినాయి. ఆ సద్దులో నిలబడితే, సంతలో నిలబడినట్లుంది. కొడుకును తలుచుకుందామని కండ్లు మూస్తే, వాని మొగం రాలేదు. ఆమెకు భయమేసింది. ఇంకో రెండేండ్లు ఇట్లే పోతే వాని మొగమే మరిచిపోతానేమో అనిపించింది.

మరుసటేడు ముందు దినమే ఇల్లిల్లూ తిరిగి చెప్పుకునింది. "రేపు పదకొండుకు రెండు నిమిషాలు మగ్గం ఆపండప్పా."

"రెండు నిమిషాలేందత్తా, నువ్వు చెప్తే అరగంట ఆపుతాం" అన్యాడు హనుమన్న. సందు చివర మగ్గం వానిది. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. మూల ఇంటి తిమ్మప్ప బీడీ నోట్లోనించి తీయకుండానే తలూపినాడు. దేవేంద్రప్ప, "నువ్వు చెప్పాల్నా అక్కా" అన్యాడు.

మరుసటి దినం ఒక్కరూ ఆపలేదు. చెడ్డోళ్లయి కాదు. మగ్గం మీద కూచున్నోనికి గంట తెలీదు. సందుకంతా గోడ గడియారం ఒక్కటే, అది దేవేంద్రప్ప ఇంట్లో, ఆయన వీపు వెనక. పన్నెండు దాటినాక గుర్తొచ్చి, హనుమన్న నాలిక కరుచుకొని, "అయ్యో అత్తా! ఇప్పుడు ఆపమంటావా?" అని అడిగినాడు.

"ఇప్పుడెందుకులే నాయనా" అనింది ఆమె.

ఆ సాయంత్రం ఖాళీ కండెలన్నీ తట్టలో తిరిగొచ్చినాయి. ఆ సందులో నాలుగు మగ్గాలకూ మదార్‌బీనే చుట్టేది. ఆమె చుట్టిన కండె నడుమ తెగదు, చిక్కు పడదు అని ఆ మూడిండ్లోళ్లూ వాళ్ల నూలు గూడ ఆమెకే తెచ్చిచ్చేవాళ్లు. ఆ ఖాళీ కండెలను చూస్తా చూస్తా ఆమె చెయ్యి ఆగింది. కూత లేకపోయినా మగ్గం ఆగే దారి ఒకటుంది. అది తన చేతిలోనే ఉంది.

ఏడాదంతా ఆ మాట లోపల పెట్టుకునింది. ఎనభై నాలుగు జనవరి ఇరవై దాటంగానే, రాట్నం తిప్పుకుంటానే మగ్గాల సద్దు వినేదానికి మొదలుపెట్టింది. కండె మార్చేటప్పుడు మగ్గం ఒక్క క్షణం ఆగుతాది. ఆ ఆగడాలను లెక్కపెట్టుకునింది. చిన్నచిన్న గులకరాళ్లు ఒళ్లో పెట్టుకొని, ఎవరి మగ్గం ఆగితే వాళ్ల పక్కకు ఒక రాయి జరిపేది. పొద్దున ఎనిమిదికి మగ్గమెక్కితే పదకొండు లోపల హనుమన్న పద్నాలుగు కండెలు నేస్తాడు. తిమ్మప్ప పది, నడుమ బీడీలకు దిగుతాడు కాబట్టి. దేవేంద్రప్ప పదకొండు. బడే సాబ్ పన్నెండు, ఎండైనా వానైనా, ఒళ్లు బాగున్నా లేకున్నా పన్నెండే.

ముప్పయ్యో తారీఖు పొద్దున ఆమె ఎవరి తట్ట వాళ్లకు సర్ది పంపింది. ఎప్పుడూ మధ్యాన్నందాకా సరిపోయేంత పంపేది. ఆ పొద్దు హనుమన్న తట్ట ఎత్తి చూసినాడు.

"ఏమత్తా, తట్ట తేలిగ్గుంది? నూలు ఎలకలు తినేసినాయా?"

"మిగతాయి వెనక చుట్టిస్తాలే. నువ్వు నేయి."

"నువ్వు చుట్టేలోపల నేను నేసేస్తే?"

"అంత మొగోనివైతే నెయ్యి సూద్దాం."

వాడు పంతం పట్టినాడు. మగ్గం ఎక్కినోడు ఎక్కినట్లే పరుగు పెట్టించినాడు. అది ఆమె లెక్కలో లేదు. పదకొండుకు ఇంకా పావుగంట ఉండంగానే వాని మగ్గం ఆగిపోయింది. ఖాళీ తట్ట తిప్పుకుంటా వచ్చినాడు.

"ఓడిపోతివి అత్తా! యాడ కండెలు?"

మదార్‌బీ రాట్నం ముందర ఊరకే కూచోనుంది. చుట్టేదానికి తడిపిన నూలు చిలప పక్కన ఉంది. చేతులు ఒళ్లో ఉండాయి.

"కూచో నాయనా."

"కూచుంటే పనెట్ల? సరుకు రేపు ఇయ్యాల. ఏమైంది, చెయ్యి నొస్తాందా? చెప్తే మా ఇంట్లోవాళ్లు చుట్టుకుంటారు కదా."

"చెయ్యి బాగుంది. చుట్టను. పదకొండు దాటినాక చుట్టిస్తా."

హనుమన్నకు కోపం రావాల్సింది. ఆమె ఎప్పుడూ ఇంత గట్టిగా మాట్లాడింది వాడు వినలేదు. తట్ట పక్కన పెట్టి, అరుగు మీద కూచున్నాడు. అంతలో తిమ్మప్ప వచ్చినాడు, చెవిలో బీడీ, చేతిలో ఖాళీ తట్ట. "ఎనిమిది దినాలుగా ఒళ్లో గులకరాళ్లు పెట్టుకుంటే ఏందో అనుకుంటి. ఇదా సంగతి!" అన్యాడు. కోపంగా అన్యాడో మెచ్చుకున్యాడో తెలీలేదు గానీ, పోకుండా గోడకానుకున్యాడు.

దేవేంద్రప్ప మగ్గం ఇంకా ఆడతాండె. ఆయన కాడ ఒక కండె మిగిలింది. పొద్దున ఎవరితోనో ముచ్చట్లాడి లేటుగా మగ్గమెక్కినాడు మరి. అప్పుడు ఆయనింట్లో గోడ గడియారం కొట్టేదానికి మొదలుపెట్టింది. రెండు మగ్గాలు ఆగిన సందులో ఆ గంట బాగా వినపడింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో గంటకు దేవేంద్రప్ప మగ్గం నడుమలో ఆగిపోయింది. కండె ఉండంగనే దిగి, బయటికొచ్చి, ముగ్గుర్నీ చూసి, చేతులు కట్టుకున్నాడు.

ఇంక మిగిలింది ఒక్క మగ్గం. ఆమె ఇంట్లోదే. టకటక, టకటక.

పన్నెండు కండెలిచ్చింది. పన్నెండూ అయిపోవాల. ఆమె లేసి లోపలికి పోయింది. బడే సాబ్ దాచిపెట్టుకున్న కండె ఒకటి నాడెలో ఆడతాండె, తొడ కింద ఇంకో రెండుండాయి. నిన్నటివి. ఆమె మగ్గాల సద్దు లెక్క పెడతాంటే, ఆయన ఆమెను లెక్కపెట్టుకుంటా ఉండినాడు.

"మొయినూ అబ్బా" అనింది. కొడుకు పోయి పన్నెండేండ్లైనా ఆమె ఆయన్ని ఆ పేరు పెట్టే పిలిచేది. "అందరూ నిలబడుండారు. ఆపు."

ఆయన తల ఎత్తలేదు. నాడె ఆ పక్కకు ఈ పక్కకు పోతాండె.

"ఆపితే వాని మాట వినపడతాదే" అన్యాడు. "ఈ సద్దు ఆగితే సాలు, అబ్బా అని పిలుస్తాడు. అందుకే నేస్తాండాను నేను. నీకు తెలీదు."

"నేను ఆపమనేది గూడ దానికే" అనింది మదార్‌బీ.

ఆయన చెయ్యి తాడు మీద అట్లే నిలబడిపోయింది. నాడె పడుగు నడుమ ఆగింది.

అప్పుడు సందు నెమ్మదైంది. దూరంగా ఆదోని బస్సు హారను, ఎవరింట్లోనో రోలు మీద నూరే సద్దు, మేకపిల్ల అరుపు, అన్నీ వినపడినాయి. బడే సాబ్ గుంతలో కాళ్లు పెట్టుకునే, రెండు చేతులూ బట్ట మీద పరిచి, కండ్లు మూసుకున్నాడు. మదార్‌బీ ఆయన భుజం పక్కనే నిలబడింది. ఆమెకు మొయినుద్దీన్ మొగం వచ్చింది. నిద్రమొగం. చెయ్యి చాపుకొని ఉండాడు.

రెండు నిమిషాలు ఎట్ల తెలుస్తాది? దేవేంద్రప్ప గడియారం వైపు చూసి దగ్గినాడు. హనుమన్న గడప కాడ తల పెట్టి, గొంతు తగ్గించి, "అత్తా, ఇంక చుట్టిస్తావా? వచ్చే ఏడు నేనే ముందు దిగుతాలే. తట్ట మాత్రం తేలిగ్గ పెట్టొద్దు" అన్యాడు.

"వచ్చే ఏడు గూడ తేలిగ్గానే పెడతా. నీ మాట ఒకసారి నమ్మినాను" అనింది. తిమ్మప్ప పకపకా నవ్వినాడు.

ఆమె రాట్నం ముందర కూచోని, హనుమన్నకు చుట్టింది, తిమ్మప్పకు చుట్టింది. దేవేంద్రప్ప కండె మగ్గంలోనే ఉంది, అయినా ఆయన తట్ట గూడ నింపింది. మగ్గాలు మళ్లా లేసినాయి. కడాకు బడే సాబ్ తట్ట ఒక్కటే మిగిలింది. పన్నెండు ఖాళీ కండెలు అందులో ఉండాయి.

ఆయన గుంతలోనించి లేసి వచ్చి, తట్టను చూసి, ఆమెను చూసినాడు.

"నాయి?"

"నీయి రేపు. ఈ పొద్దు మన మగ్గం ఊరకుండనీ."

బడే సాబ్ తొడ కింద దాచిన రెండు కండెలు తెచ్చి, తానే ఆ తట్టలో పెట్టినాడు. మదార్‌బీ రాట్నాన్ని గోడకానించి, చా పెట్టేదానికి పొయ్యి కాడికి పోయింది. తడిపిన చిలప రాట్నం పక్కనే ఉండిపోయింది. సాయంత్రానికి అది ఎండింది. ఆమె మళ్లా తడపలేదు.